ఇన్‌ఫీల్డ్ ఫ్లై: ఎవరూ పట్టని బంతికి బ్యాటర్ ఎలా అవుట్ అవుతారు?

పెన్నాతీరం (అనంతపురం):

సభ్యులందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు ఈమధ్య ఆడిన ఒక పోటీలో ఒకే బంతిపై అంపైర్ మూడు తీర్పులు ఇచ్చారు. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగవని రెండు జట్ల వారూ వాదించారు. ఈ విషయంలో సాఫ్ట్‌బాల్‌కూ బేస్‌బాల్‌కూ నియమం సారాంశంలో ఒకటే కనుక, బేస్‌బాల్ నియమావళి చదివినవారు వివరించగలరని ఇక్కడ అడుగుతున్నాను.

జరిగింది ఇది. మేము బ్యాటింగ్ చేస్తున్నాము. అప్పటికి ఒక్కరే అవుట్. బ్యాటర్ బంతిని కొట్టాక పరుగెత్తి వరుసగా చేరవలసిన స్థావరాలైన బేస్‌లలో, మొదటిదానిపై ఒక అమ్మాయి, రెండవదానిపై ఒక అమ్మాయి రన్నర్లుగా ఉన్నారు. మా బ్యాటర్ కొట్టిన బంతి నిట్టనిలువుగా లేచి, బంతి వేసే పిచర్‌కూ మూడవ బేస్‌కూ నడుమ దిగసాగింది. అది గాలిలో ఉండగానే అంపైర్ చేయెత్తి "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ అవుట్" అని ప్రకటించారు. చివరి క్షణంలో గాలికి బంతి పక్కకు జరగడంతో ఎవరూ దానిని పట్టలేకపోయారు. బంతి నేలను తాకగానే రెండవ బేస్‌పై ఉన్న అమ్మాయి మూడవ బేస్‌కు పరుగెత్తింది. ఆమె చేరకముందే ప్రత్యర్థి క్రీడాకారిణి బంతిని అందుకుని ఆ బేస్‌ను తొక్కింది, అయినా అంపైర్ సేఫ్ (అవుట్ కాదు) అన్నారు. మొదటి బేస్ వద్ద ఉన్న అమ్మాయి మాత్రం, బ్యాటర్ అవుట్ అయినందున ఆట ఆగిపోయిందని భావించి, నాలుగడుగుల దూరం నుంచి నెమ్మదిగా బేస్ వైపు నడిచింది. బంతి ఉన్న గ్లవ్‌తో ఆమెను తాకగానే అంపైర్ ఆమెను అవుట్‌గా ప్రకటించారు. అది మూడవ అవుట్ కనుక దానితో మా ఇన్నింగ్స్ ముగిసింది.

పట్టని బంతికి బ్యాటర్ అవుట్ ఎందుకు? బేస్‌ను ముందుగా తొక్కినా ఒక రన్నర్ సేఫ్ ఎందుకు? బ్యాటర్ అవుట్ అయ్యాక మరో రన్నర్ అవుట్ ఎలా అయింది? పిల్లలకు సమాధానం చెప్పాలి కనుక, దయచేసి కారణాలతో సహా తెలియజేయండి.

తుంగభద్ర (కర్నూలు):

పెన్నాతీరం గారికి నమస్కారం. పాఠశాల, కళాశాల స్థాయి పోటీలకు చాలాకాలం అంపైర్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ మూడు తీర్పులూ సరైనవే, పైగా మూడింటికీ మూలం ఒక్కటే.

ముందుగా నియమం ఎప్పుడు వర్తిస్తుందో చూద్దాము. ఇద్దరు అవుట్ కాకముందు, అంటే ఎవరూ అవుట్ కానప్పుడు గానీ ఒక్కరే అవుట్ అయినప్పుడు గానీ, మొదటి, రెండవ బేస్‌లపై రన్నర్లు ఉండాలి. మూడవ బేస్‌పై కూడా ఉంటే ఉండవచ్చు. అటువంటి సమయంలో బ్యాటర్ కొట్టిన బంతి ఫెయిర్ హద్దుల (ఆటకు చెల్లే రెండు గీతల) లోపల పైకి లేచి, ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గరి లోపలి మైదానంలో నిలిచే ఫీల్డర్) ఎవరైనా సాధారణ ప్రయత్నంతో పట్టగలిగినదై ఉండాలి. నేరుగా దూసుకుపోయే లైన్ డ్రైవ్‌కూ, బంట్ చేయబోయి (బ్యాట్‌ను ఊపకుండా బంతికి మెల్లగా ఆనించబోయి) పైకి లేపిన బంతికీ ఇది వర్తించదు. పిచర్, బ్యాటర్ వెనుక ఉండే క్యాచర్ కూడా ఇక్కడ ఇన్‌ఫీల్డర్ల కిందికే వస్తారు. అవుట్‌ఫీల్డర్ ముందుకు వచ్చి ఇన్‌ఫీల్డ్‌లో నిలబడితే అతనూ అంతే. ఇవన్నీ కుదిరినప్పుడు అంపైర్ బంతి నేలను తాకే వరకు ఆగకుండా ప్రకటన చేయాలి, ఆ ప్రకటనతోనే బ్యాటర్ అవుట్ అవుతారు. తర్వాత బంతిని పట్టినా పట్టకపోయినా ఆ అవుట్ మారదు. ఇది మీ మొదటి ప్రశ్నకు సమాధానం.

రెండవ ప్రశ్నకు సమాధానం దీనిలోనే ఉంది. రన్నర్ తన బేస్‌ను వదిలి ముందుకు పోవలసిన నిర్బంధం ఎందుకు కలుగుతుంది? వెనుక నుంచి బ్యాటర్ మొదటి బేస్‌కు వస్తున్నందున, అక్కడ ఉన్న రన్నర్ రెండవ బేస్‌కూ, అక్కడి రన్నర్ మూడవ బేస్‌కూ జరగక తప్పదు. ఆ నిర్బంధం ఉన్నంతవరకే కేవలం బేస్‌ను తొక్కి ఫోర్స్ అవుట్ చేయడం సాధ్యం. బ్యాటర్ ముందే అవుట్ అయిపోతే వెనుక నుంచి తరిమేవారు లేరు, రన్నర్లకు జరగవలసిన అవసరమూ లేదు. కనుక మూడవ బేస్‌కు పరుగెత్తిన అమ్మాయి తన ఇష్టంతో పరుగెత్తినట్లే. ఆమెను అవుట్ చేయాలంటే బంతితో ఆమెను తాకాలి, బేస్‌ను తొక్కితే చాలదు.

ఇక మూడవది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటనతో బ్యాటర్ అవుట్ అవుతారు, కానీ ఆట ఆగదు. బంతి ఆటలోనే ఉంటుంది. బేస్‌ను వదిలి నిలబడిన రన్నర్‌ను బంతితో తాకితే ఎప్పటిలాగే అవుట్. మీ మొదటి బేస్ అమ్మాయి విషయంలో జరిగింది అదే. జిల్లా స్థాయిలో ఈ నియమం వల్ల వచ్చే వివాదాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క అంశం దగ్గరే పుడుతున్నాయని నా అనుభవం. అంపైర్ నోట "అవుట్" అన్న మాట వినబడగానే పిల్లలు ఆట ముగిసిందనుకుంటారు.

హంద్రీ (కర్నూలు):

తుంగభద్ర సార్, నేను కళాశాల జట్టులో షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండవ, మూడవ బేస్‌ల నడుమ నిలిచే ఇన్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మొదటి బేస్‌పై ఒక్కరే రన్నర్ ఉన్నప్పుడు ఈ నియమం ఎందుకు లేదు? ఇద్దరు అవుట్ అయ్యాక ఎందుకు లేదు? అప్పుడు కూడా నేను బంతిని వదిలేసి లాభపడవచ్చు కదా?

తుంగభద్ర (కర్నూలు):

మంచి ప్రశ్న అమ్మా. ఇద్దరు అవుట్ అయిన తర్వాత బంతిని కొట్టగానే రన్నర్లందరూ వెనుదిరిగి చూడకుండా పరుగెత్తుతారు, ఎందుకంటే బంతిని పడితే ఎలాగూ ఇన్నింగ్స్ ముగుస్తుంది. నీవు దానిని వదిలేస్తే నీకు వచ్చేది నష్టమే.

ఒక్క మొదటి బేస్‌పైనే రన్నర్ ఉన్నప్పుడు లెక్క వేరు. బంతి పైకి లేచి దిగేలోపు బ్యాటర్ మొదటి బేస్‌కు చేరుకోగల వ్యవధి ఉంటుంది. నీవు బంతిని నేలపై పడనిచ్చి రెండవ బేస్‌కు విసిరితే ముందున్న రన్నర్ అవుట్ అవుతాడు, బ్యాటర్ మొదటి బేస్‌పై మిగులుతాడు. పట్టి ఉంటే బ్యాటర్ అవుట్ అయ్యేవాడు, రన్నర్ మిగిలేవాడు. ఎటు చూసినా ఒక్క అవుటే. వేగంగా పరుగెత్తే రన్నర్‌కు బదులు నెమ్మదిగా పరుగెత్తే బ్యాటర్‌ను బేస్‌పై మిగల్చడం ఒక్కటే నీకు దక్కే ప్రయోజనం. బ్యాటర్ నిలబడి చూస్తూ ఉంటే డబుల్ ప్లే (ఒకే బంతిపై ఇద్దరు అవుట్) కావచ్చు, కానీ అది అతని అలసత్వం, దానికి నియమం రక్షణ ఇవ్వదు. మొదటి, మూడవ బేస్‌లపై మాత్రమే రన్నర్లు ఉన్నప్పుడు కూడా ఇంతే, ఎందుకంటే మూడవ బేస్ రన్నర్‌కు కదలవలసిన నిర్బంధం లేదు.

అదే మొదటి, రెండవ బేస్‌లు రెండూ నిండి ఉన్నప్పుడు ఒక విసురు మూడవ బేస్‌కు, అక్కడి నుంచి మరో విసురు రెండవ బేస్‌కు వెళితే, బ్యాటర్ ఎంత వేగంగా పరుగెత్తినా ముందున్న ఇద్దరూ అవుట్ అవుతారు. వారిని కాపాడడానికే ఈ నియమం.

శెనక్కాయచేను (అనంతపురం):

నేను క్రికెట్ అభిమానిని, బేస్‌బాల్‌ను బయటి నుంచి చూసేవాడిని. అందుకే నాకు ఈ నియమం అన్యాయంగా కనిపిస్తోంది. బేస్‌బాల్‌లో ఎన్నో రకాల ఏమార్పులు చెల్లుతాయి. ఫీల్డర్ బంతిని గ్లవ్‌లో దాచుకుని, రన్నర్ బేస్‌ను వదలగానే తాకి అవుట్ చేయవచ్చునని విన్నాను. పిచర్ దృష్టి మళ్లిస్తాడు, రన్నర్ బేస్‌ను దొంగిలిస్తాడు, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తుతాడు. ఇన్ని చెల్లుతున్నప్పుడు, బుద్ధి ఉపయోగించి బంతిని వదిలేసిన ఫీల్డర్‌ను మాత్రం ఎందుకు అడ్డుకోవాలి?

క్రికెట్‌లో చూడండి. బంతి ఎంత పైకి లేచినా ఫీల్డర్‌కు దానిని పట్టడమే లాభం. వదిలేసి లాభపడే పరిస్థితి రాదు, కనుక ఇటువంటి నియమం అవసరమూ రాలేదు. అవసరం పడిందంటే లోపం ఆట నిర్మాణంలోనే ఉన్నట్లు కాదా?

గండికోట (కడప):

శెనక్కాయచేను గారి ప్రశ్న తేలికైనది కాదు. నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను, ఈ నియమం పట్ల నాకున్న ఆసక్తి కూడా ఆ వృత్తి వల్ల కలిగినదే. 1975లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పత్రిక, ఈ నియమం పుట్టుకను ఇంగ్లండ్ సంప్రదాయ న్యాయం ఎదిగిన తీరుతో పోల్చుతూ రచయిత పేరు లేకుండా ఒక చిన్న వ్యాసాన్ని ప్రచురించింది. న్యాయవిద్యార్థుల నోళ్లలో అది నేటికీ నలుగుతూనే ఉంది. ఒక ఆటలోని చిన్న నియమం న్యాయశాస్త్రం చదివేవారిని అంతగా ఆకర్షించడానికి కారణం ఉన్నది.

మీరు చెప్పిన ఏమార్పులన్నింటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. దాచిన బంతికి దొరికిపోయిన రన్నర్ బేస్‌ను వదలకుండా ఉండి ఉంటే అతనికి ఏ ప్రమాదమూ లేదు. బేస్‌ను దొంగిలించే రన్నర్ తన ఇష్టంతో బయలుదేరుతాడు. అంటే మోసపోయిన వ్యక్తికి మోసపోకుండా ఉండే దారి ఒకటి ఉంది. పైకి లేచిన బంతి కింద ఇద్దరు రన్నర్ల స్థితి అటువంటిది కాదు. బంతిని పడితే వారు తమ బేస్‌ను తిరిగి తాకాలి, కనుక దూరం పోకూడదు. నేలపై పడితే ముందుకు పోక తప్పదు, కనుక దగ్గర ఉండకూడదు. ఎక్కడ నిలబడాలో వారు ముందుగా నిర్ణయించుకోవాలి. ఫీల్డరేమో వారు ఎక్కడ నిలబడ్డారో చూసి, ఆ తర్వాత పట్టాలా వదలాలా అని నిర్ణయించుకుంటాడు. రన్నర్ ఏది ఎంచుకున్నా తప్పే అయ్యేటట్లు ఫీల్డర్ తన ఎంపికను మార్చుకోగలడు. ఒక పక్షం చేతిలో చివరి మాట ఉండి, రెండవ పక్షం చేతిలో సరైన మాట అంటూ ఏదీ లేనప్పుడు, అక్కడ గెలిచేది నైపుణ్యం కాదు, స్థానబలం.

మరొకటి కూడా గమనించండి. సాధారణంగా ఆట ఫీల్డర్‌ను కోరేది బంతిని పట్టమని. ఇక్కడ మాత్రం తాను చేయవలసిన పనిలో కావాలని విఫలమైనవాడికి, ఆ పని చక్కగా చేసినవాడికంటే పెద్ద బహుమతి దక్కుతుంది. నియమం ఫీల్డింగ్ జట్టును శిక్షించడం లేదు. సాధారణ ప్రయత్నంతో వారికి రావలసిన ఒక్క అవుట్‌ను, బంతి చేజారినా సరే, వారికి హామీగా ఇచ్చి, దానికి మించినదాన్ని మాత్రమే నిరాకరిస్తోంది. ఇందులో నష్టపోయినవారు ఎవరో నాకు కనబడడం లేదు.

ఇది ఎవరో గదిలో కూర్చుని ఊహించి రాసిన నియమం కూడా కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇన్‌ఫీల్డర్లు బంతిని కావాలని జారవిడిచి డబుల్ ప్లేలు చేయడం అలవాటుగా మారిన తర్వాతే 1895లో అమెరికా వృత్తి బేస్‌బాల్ జట్ల సంఘమైన నేషనల్ లీగ్ ఈ నియమాన్ని తెచ్చింది. మొదట్లో అది ఒక్కరు అవుట్ అయినప్పుడు మాత్రమే వర్తించేది. ఎవరూ అవుట్ కానప్పుడు కూడా అదే ఎత్తు పారుతుందన్నది గుర్తించి 1901లో దానిని విస్తరించారు. లైన్ డ్రైవ్‌కూ బంట్‌కూ మినహాయింపులు ఆ తర్వాత చేరినవి. ఒక్కొక్క తగాదా నుంచి ఒక్కొక్క వాక్యం పుట్టడం మా వృత్తిలో మేము రోజూ చూసేదే.

శెనక్కాయచేను (అనంతపురం):

ఎంపిక ఎవరు ముందు చేయాలి, ఎవరు తర్వాత చేయాలి అన్న వాదం నాకు నచ్చింది, గండికోట గారూ. క్రికెట్‌లో ఫీల్డర్ బంతిని వదిలేస్తే అవతలివారు పరుగెత్తవచ్చు, మానవచ్చు. నిర్బంధం లేదు కనుకే చిక్కు లేదన్నమాట. బంతి గాలిలో ఉండగా బ్యాటర్లు ఎదురెదురుగా దాటుకుంటే స్ట్రయిక్ ఎవరిదన్న ప్రశ్న ఒకటి క్రికెట్‌లోనూ ఉండేది. 2022 అక్టోబరు నుంచి, క్యాచ్ అయితే దాటుకున్నా దాటుకోకపోయినా, ఓవర్ ముగిసిన సందర్భంలో తప్ప, కొత్తగా వచ్చిన బ్యాటరే స్ట్రయిక్ తీసుకోవాలని మార్చారు. అయితే మీ వాదన ప్రకారం బంట్‌కు మినహాయింపు ఎందుకు? అక్కడ కూడా రన్నర్లు అదే చిక్కులో పడతారు కదా?

తుంగభద్ర (కర్నూలు):

పడతారు, నిజమే. దీనిపై నా అభిప్రాయం చెబుతాను. బంట్ అనేది రన్నర్లను ముందుకు పంపాలని బ్యాటింగ్ జట్టు తానే ఎంచుకున్న ఎత్తు. బంతి గాలిలోకి లేవడం ఆ ఎత్తు చెడిపోవడమే. పైగా బంట్ బంతి తక్కువ ఎత్తు లేస్తుంది. ఫీల్డర్లు పరుగెత్తుకుంటూ వచ్చి పట్టవలసి ఉంటుంది కనుక, సాధారణ ప్రయత్నమేదో తేల్చి ముందుగా ప్రకటించే వ్యవధి అంపైర్‌కు దొరకదు. లైన్ డ్రైవ్ విషయంలోనూ వ్యవధి లేకపోవడమే చిక్కు.

పెన్నాతీరం (అనంతపురం):

తుంగభద్ర గారికీ గండికోట గారికీ కృతజ్ఞతలు. మూడు తీర్పులకూ ఒకే మూలం ఎలా ఉన్నదో ఇప్పుడు స్పష్టమైంది. అయితే "సాధారణ ప్రయత్నం" అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోతోంది. మా పోటీలో బంతిని గాలి పక్కకు నెట్టింది. ఆషాఢ మాసంలో మా ప్రాంతంలో గాలి ఎంత బలంగా వీస్తుందో మీకు తెలియనిది కాదు. పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి కొండలపై గాలిమరలు పెట్టినది ఆ గాలిని నమ్ముకునే. అటువంటి రోజున పద్నాలుగేళ్ల అమ్మాయికి సాధారణమైన ప్రయత్నం ఏది? పెద్దల జట్టుకు వర్తించే కొలత పిల్లలకు వర్తిస్తుందా? ఆనాడు బంతిని అందుకోలేకపోయిన ప్రత్యర్థి అమ్మాయి నిజంగా ప్రయత్నించింది, కావాలని వదలలేదు. అయినా మా బ్యాటర్ అవుట్ అయింది. పట్టడం కష్టమైన బంతి అయితే మా బ్యాటర్ మొదటి బేస్‌కు చేరి ఉండేది కదా?

తుంగభద్ర (కర్నూలు):

మీ ప్రశ్న నియమపు గుండెకాయను తాకింది. సాధారణ ప్రయత్నం అంటే ఏమిటో అమెరికా వృత్తి బేస్‌బాల్ నియమావళి విడిగా నిర్వచించింది. ఆ స్థాయి పోటీలలో, ఆ స్థానంలో ఆడే సగటు నైపుణ్యం గల ఫీల్డర్, మైదానం స్థితినీ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత చేయగలదని ఆశించే ప్రయత్నమే అది. అంటే మీ రెండు సందేహాలకూ నిర్వచనంలోనే చోటు ఉన్నది. పద్నాలుగేళ్లలోపు పిల్లల పోటీలో కొలబద్ద ఆ పిల్లల సగటు నైపుణ్యమే గానీ దేశానికి ఆడే జట్టు నైపుణ్యం కాదు. గాలి ఉన్న రోజున గాలిని లెక్కించాలి. ఉదయం పూట నిశ్చలమైన గాలిలో ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనదగిన బంతి, మధ్యాహ్నం మూడు గంటల గాలిలో కాకపోవచ్చు.

అందుకే నేను అంపైర్‌గా ఉన్నప్పుడు బంతి శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టే వరకు ఫీల్డర్ కాళ్లను గమనించేవాడిని. ఫీల్డర్ బంతి కిందికి వచ్చి, అటూ ఇటూ పరుగు మాని, నిలదొక్కుకుంటే ప్రకటన చేసేవాడిని. ఇంకా పరుగెత్తుతూ ఉంటే, ముఖ్యంగా వెనక్కు పరుగెత్తుతూ ఉంటే, ఆగేవాడిని. బంతి ఎక్కడ పడుతుందన్నది కాదు, ఎంత శ్రమతో అందుతుందన్నది ప్రశ్న. ఇన్‌ఫీల్డ్ మట్టి ఎక్కడ ముగిసి గడ్డి ఎక్కడ మొదలవుతుందో చూసి తీర్పు చెప్పే అంపైర్లు ఉన్నారు. అది పొరపాటు.

మీ పోటీ విషయంలో నేను బంతిని చూడలేదు కనుక ఆ అంపైర్ అంచనా సరైనదా కాదా అని చెప్పడం భావ్యం కాదు. ఒకసారి ప్రకటించిన తర్వాత, గాలి చివరి క్షణంలో దెబ్బతీసిందన్న కారణంతో దానిని వెనక్కు తీసుకోకపోవడం మాత్రం సరైనదే. రన్నర్లు ఆ ప్రకటనను నమ్మి నిలబడ్డారు. దానిని తర్వాత రద్దు చేస్తే ఎవరిని కాపాడడానికి నియమం పుట్టిందో వారే బలైపోతారు.

పెనుకొండ (ప్రస్తుతం అమెరికాలో నివాసం):

పెన్నాతీరం గారూ, మీ మైదానంలో జరిగిన వాదనే ఇక్కడ యాభై వేల మంది చూస్తుండగా జరిగింది. 2012 అక్టోబరు 5న అట్లాంటాలో బ్రేవ్స్ జట్టుకూ సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకూ నడుమ, ఓడినవారు ఇంటికి పోవలసిన ఏకైక పోటీ అది. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ 6-3తో వెనుకబడి ఉన్నారు. ఒక్కరు అవుట్, మొదటి, రెండవ బేస్‌లపై రన్నర్లు, అచ్చం మీ జట్టు పరిస్థితే. ఆండ్రెల్టన్ సిమన్స్ కొట్టిన బంతి ఎడమవైపు అవుట్‌ఫీల్డ్‌లోకి లేచింది. షార్ట్‌స్టాప్ పీట్ కోజ్మా చాలా దూరం వెనక్కు పరుగెత్తి, బంతి కిందికి వచ్చి, చేయి పైకెత్తి, ఆఖరు క్షణంలో దానిని ఎడమ ఫీల్డర్ మాట్ హాలిడేకు వదిలి పక్కకు తప్పుకున్నాడు. బంతి ఇద్దరి నడుమ పడింది. బేస్‌లు మూడూ నిండాయని ప్రేక్షకులు కేకలు వేస్తుండగా, ఎడమ గీత వద్ద ఉన్న అంపైర్ శామ్ హోల్‌బ్రూక్ చేయి పైకెత్తి ఉన్నాడన్న సంగతి తెలిసింది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై, సిమన్స్ అవుట్.

ప్రేక్షకులు మైదానంలోకి సీసాలు విసిరారు. ఆట 19 నిమిషాలు ఆగింది. బ్రేవ్స్ మేనేజర్ అధికారికంగా అభ్యంతరం తెలిపాడు. అది నియమాన్ని తప్పుగా అన్వయించడం కాదు, అంపైర్ విచక్షణకు చెందిన విషయం అన్న కారణంతో దానిని తోసిపుచ్చారు. చివరికి 6-3తోనే ఆట ముగిసింది. అనేక ఏళ్లు ఆ ఒక్క జట్టుకే ఆడిన చిప్పర్ జోన్స్‌కు అదే ఆఖరి ఆట అయింది.

ఆ బంతి పడిన చోటు ఇన్‌ఫీల్డ్‌కు ఎంతో వెనుక. అందుకే నా స్నేహితులు నేటికీ ఆ తీర్పును తప్పంటారు. తుంగభద్ర గారి దృష్టిలో అది సరైనదేనా?

తుంగభద్ర (కర్నూలు):

నేను ఆ దృశ్యాన్ని వీడియోలో చూశాను. కోజ్మా బంతి కిందికి చేరుకుని నిలిచాడు. తప్పుకోకపోయి ఉంటే సులువుగా పట్టేవాడే. కనుక సాధారణ ప్రయత్నం అన్న మాట అక్షరాలా వర్తిస్తుంది, దూరం ఎంత అన్నది అడ్డురాదు. నా అభ్యంతరం సమయం గురించి. ప్రకటన చాలా ఆలస్యంగా, బంతి నేలకు చేరబోతుండగా వచ్చింది. రన్నర్లు వినడానికి, విని తమ స్థానం మార్చుకోవడానికి వ్యవధి ఉంటేనే ప్రకటనకు అర్థం ఉంటుంది. అంత దూరాన పడే బంతికి ఇద్దరు రన్నర్లు సగం దారిలో నిలబడి, పడిన వెంటనే తర్వాతి బేస్‌ను తేలికగా చేరుకోగలరు. డబుల్ ప్లే ప్రమాదం దాదాపు లేదు. అక్షరం ప్రకారం తీర్పు నిలుస్తుంది, ఉద్దేశం ప్రకారం అక్కడ కాపాడవలసినవారే లేరు.

గండికోట (కడప):

నేను తుంగభద్ర గారితో కొంత విభేదిస్తాను. డబుల్ ప్లే ప్రమాదం ఉన్నదా లేదా అన్నది కూడా అంపైర్ లెక్కించాలని నియమం అడగడం లేదు. అడిగితే ప్రతి బంతికీ రెండు అంచనాలు వేయవలసి వస్తుంది, వివాదాలు రెట్టింపు అవుతాయి. పట్టగలిగే బంతా కాదా అన్న ఒక్క ప్రశ్నకు పరిమితం చేయడం వల్లనే ఈ నియమం కడప వీధి మైదానంలోనూ అట్లాంటాలోనూ ఒకేలా అమలు కాగలుగుతోంది. అప్పుడప్పుడు ఉద్దేశానికి మించి వర్తించడం, నియమం స్పష్టంగా ఉండడానికి మనం చెల్లించే ధర. ఆ ధర 2012లో బ్రేవ్స్ జట్టు చెల్లించవలసి రావడం బాధాకరమే. అయినా ఆ ధరను నేను ఒప్పుకుంటాను.

హంద్రీ (కర్నూలు):

నాకు మరో సందేహం. ఒక్క మొదటి బేస్‌పైనే రన్నర్ ఉన్నప్పుడు ఇన్‌ఫీల్డ్ ఫ్లై లేదు కనుక, నేను బంతిని గ్లవ్‌లోకి తీసుకుని కావాలని జారవిడిస్తే చెల్లుతుందా?

తుంగభద్ర (కర్నూలు):

చెల్లదు. దానికి వేరే నియమం ఉన్నది. ఇద్దరు అవుట్ కాకముందు, మొదటి బేస్‌పై రన్నర్ ఉన్నప్పుడు, ఇన్‌ఫీల్డర్ ఫెయిర్ బంతిని తాకి కావాలని జారవిడిస్తే, బ్యాటర్ అవుట్, ఆట అక్కడే ఆగుతుంది, రన్నర్లు తమ బేస్‌లకు తిరిగి వెళతారు. లైన్ డ్రైవ్‌కు కూడా ఇది వర్తిస్తుంది. బంతిని అసలు తాకకుండా నేలపై పడనిస్తే మాత్రం ఆ నియమం వర్తించదు. పిల్లలకు నేర్పేటప్పుడు ఈ రెండు నియమాలనూ కలిపివేయకూడదు. జారవిడిచినప్పుడు బంతి ఆట నుంచి తొలగిపోతుంది, ఇన్‌ఫీల్డ్ ఫ్లైలో బంతి ఆటలోనే ఉంటుంది.

పెనుకొండ (ప్రస్తుతం అమెరికాలో నివాసం):

బంతి ఆటలోనే ఉంటుందన్న మాటకు మరో ఉదాహరణ ఉన్నది. 2024 మే 23న షికాగోలో వైట్ సాక్స్, ఓరియోల్స్ జట్ల పోటీ. తొమ్మిదవ ఇన్నింగ్స్, ఒక్కరు అవుట్, మొదటి, రెండవ బేస్‌లపై రన్నర్లు. బ్యాటర్ కొట్టిన బంతికి ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించారు. షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్ దానిని పట్టాడు కూడా. అయినా రెండవ బేస్ రన్నర్ ఆండ్రూ వాన్ ఫీల్డర్‌కు అడ్డు వచ్చాడని అంపైర్ అతన్ని కూడా అవుట్ అన్నాడు. డబుల్ ప్లే, 8-6తో ఆట ముగిసింది. బ్యాటర్ ముందే అవుట్ అయినా, ఫీల్డర్‌కు దారి ఇవ్వవలసిన బాధ్యత రన్నర్‌పై అలాగే ఉంటుందన్నమాట.

పెన్నాతీరం (అనంతపురం):

ఇది నేను ఎన్నడూ ఆలోచించని కోణం. ప్రకటన రన్నర్లకు రక్షణ అనుకున్నాను గానీ, వారి బాధ్యతలు కూడా కొనసాగుతాయని పిల్లలకు చెప్పలేదు. మా శిక్షణలో ఈ పద్ధతి పెట్టాలనుకుంటున్నాను. బంతి వేయకముందే ఇద్దరు రన్నర్లూ ఎందరు అవుట్ అయ్యారో నోటితో పలకాలి. బంతి లేవగానే చెవి అంపైర్ వైపు, కన్ను ఫీల్డర్ వైపు ఉంచాలి. ప్రకటన వినబడగానే బేస్‌కు తిరిగి వచ్చి, ఫీల్డర్‌కు అడ్డు తగలకుండా, బంతి పిచర్ చేతికి చేరే వరకు బేస్‌ను వదలకూడదు. ఇందులో లోపం ఏమైనా ఉంటే చెప్పండి. బంతిని పట్టకపోతే బేస్‌ను తిరిగి తాకవలసిన అవసరం లేదు కదా? అప్పుడు ముందుకు పోయే అవకాశాన్ని వదులుకున్నట్లు కాదా?

తుంగభద్ర (కర్నూలు):

మీరన్నది నిజం. ప్రకటించిన బంతిని ఎవరూ పట్టకపోతే, బేస్‌ను తిరిగి తాకకుండానే రన్నర్ ముందుకు పోవచ్చు. పట్టితే మాత్రం, బంతి ఫీల్డర్‌ను తాకే సమయానికి బేస్‌పై ఉండి, ఆ తర్వాత పోవచ్చు. బంతి చేజారి చాలా దూరం దొర్లిపోయినప్పుడు అనుభవమున్న రన్నర్ తప్పక పరుగెత్తాలి. 2012 పోటీలో బ్రేవ్స్ రన్నర్లు ఇద్దరూ అలాగే ఒక్కొక్క బేస్ ముందుకు పోయి నిలిచారు. మీ అమ్మాయి మూడవ బేస్‌కు పరుగెత్తి సేఫ్ అయినది కూడా ఆ హక్కుతోనే. ఆమెను మందలించకండి. పిల్లలకు మొదట బేస్‌పై నిలబడడం నేర్పి, అది అలవాటయ్యాక పరుగు నేర్పడం మేలని నా సలహా.

ఇంకొక మాట. ఇటువంటి పరిస్థితి ఏర్పడగానే, బంతి వేయకముందే అంపైర్లు ఒకరికొకరు చిన్న సైగ చేసుకుంటారు. ఆ సైగను గుర్తించడం మీ పిల్లలకు నేర్పితే ప్రకటన వారిని ఆశ్చర్యపరచదు. బంతి గీతల దగ్గర లేచినప్పుడు "ఫెయిర్ అయితే ఇన్‌ఫీల్డ్ ఫ్లై" అని వినబడుతుంది. అది ఫౌల్‌గా (గీతల బయట) పడితే ప్రకటనకు విలువ లేదు, బ్యాటర్ మళ్లీ ఆడతారు.

శెనక్కాయచేను (అనంతపురం):

చివరిగా ఒక్క ప్రశ్న. బేస్‌పై కదలకుండా నిలబడిన రన్నర్ మీదే ఆ బంతి వచ్చి పడితే?

తుంగభద్ర (కర్నూలు):

బేస్‌ను తాకి ఉన్న రన్నర్‌పై ఇన్‌ఫీల్డ్ ఫ్లై బంతి పడితే రన్నర్ అవుట్ కాడు, బ్యాటర్ మాత్రమే అవుట్. బేస్‌ను వదిలి ఉన్నప్పుడు పడితే ఇద్దరూ అవుట్. రెండు సందర్భాలలోనూ బంతి ఆట నుంచి తొలగిపోతుంది. పెన్నాతీరం గారూ, మీ శిక్షణలో దీనిని కూడా చేర్చండి.